పరీక్షకు ముందే విక్రయము

కుండను కొనువారైనను దానిని తట్టి చూచి గాని ధర యడుగరు. స్త్రీల దేహమున నమర్చు కృత్రిమ స్తనముల విషయమున నీపాటి పరీక్షయు సకాలమున జరుగలేదు.

1895వ సంవత్సరమున జర్మనీలోని హైడెల్‌బర్గునందు చెర్నీ యను వైద్యుడు, శస్త్రచికిత్సచే స్తనభాగమును గోల్పోయిన యొక స్త్రీకి ఆమె దేహమందలి కొవ్వుగడ్డనే తీసి యచట నమర్చెను. పిదప పరాయి పదార్థముల వాడుక బయలుదేరెను. పారఫిన్ మైనమును సూదితో నెక్కించిరి. అది గడ్డలకును పుండ్లకును కారణమయ్యెను. రెండవ ప్రపంచయుద్ధానంతరము జపానులో ద్రవరూపమగు సిలికోను నెక్కించిరి, ఫలము నట్టిదే.

1962లో అమెరికాలోని హ్యూస్టను నగరమున క్రోనిన్, జెరో అను వైద్యులు జెల్లీవంటి సిలికోనును సంచిలో నింపి యమర్చిరి. సంచిలో నున్నది గనుక భయము లేదని పలువురు తలచిరి. కాని దేహము పరాయి వస్తువు నెరుగును. దానిచుట్టు మచ్చపొర నొకదానిని నిర్మించును. కొందరిలో నాపొర బిగిసికొని, స్తనము గట్టిపడి నొప్పిపెట్టును. సంచి చినుగుటయు గలదు. ఆ చినుగు పైకి తెలియకయే యుండవచ్చును. అందుచే మరల శస్త్రచికిత్స చేయించుకొనవలసిన వారనేకులు.

ఇట్టి వైద్యపరికరములను నియంత్రించు నధికారము అమెరికా ప్రభుత్వమునకు 1976లో గాని లభింపలేదు. అంతకుముందే విపణిలో నున్న యీ సంచులు యథాప్రకారము అమ్ముడయ్యెను. 1992లో ప్రభుత్వపు ఆహారౌషధశాఖ కేవల సౌందర్యార్థము సిలికోను సంచుల నుపయోగించుటను నిలిపివేసెను. 1999లో నచటి పండితసంఘ మొకటి విచారించి, వీనివలన సర్వాంగవ్యాధులు కలుగునని ఋజువు కాలేదనియు, చినుగుట, బిగియుట, మరల కోయవలసివచ్చుట మాత్రము నిజమైన బాధలనియు తేల్చెను. 2006లో విక్రయమునకు మరల ననుమతి లభించెను.

అంతటితో కథ ముగియలేదు. ఫ్రాన్సులో పి.ఐ.పి. యను కంపెనీ వైద్యమున కనుమతింపబడని పారిశ్రామిక సిలికోనును నింపి యమ్ముచుండెనని 2010లో బయటపడెను. 2013లో దాని స్థాపకునకు నాలుగేండ్ల కారాగారశిక్ష విధింపబడెను. గరుకుపొర గల సంచులచుట్టు అరుదుగా లింఫోమా యను క్యాన్సరు పుట్టుచున్నదని తెలియగా, 2019లో అలెర్గాన్ కంపెనీ యట్టి తన సంచులను ప్రపంచమంతటను వెనుకకు దీసికొనెను.

ఇవి జీవితాంతము నిలుచు వస్తువులు కావనియు, కాలము గడచినకొలది బాధలు హెచ్చవచ్చుననియు తెలుపు హెచ్చరికను అమెరికా ప్రభుత్వము 2021లో తప్పనిసరి చేసెను. శస్త్రచికిత్సకు ముందే స్త్రీకి చదువనిచ్చి సంతకము గైకొనవలసిన పత్రమును విధించెను. 1962 మొదలు లెక్కింప, ఆ పత్రము స్త్రీ చేతికి వచ్చుటకు 59 ఏండ్లు పట్టెను.

సోదరీమణులారా! ఈ చికిత్స గోరిన స్త్రీలను నిందించుట సులభము. వారిలో క్యాన్సరుచే స్తనమును గోల్పోయినవారును గలరు. రూపమును గూర్చిన లోకుల మాటలకు నొచ్చినవారును గలరు. తప్పు వారి కోరికది కాదు. తెలుపవలసినదానిని తెలుపక యమ్మినవారిది. దేహము తనదైనప్పుడు, దానిలో జొప్పించు వస్తువు గుణదోషములను ముందుగా నెరుగు హక్కును తనదే. వైద్యుని యడుగుటకు సిగ్గుపడవలదు. తృప్తికరమగు ప్రత్యుత్తరము రానిచో సమ్మతి నీయవలదు.