చదివి పక్కన పెట్టిన నెత్తురు

గోదావరిఖనిలో బొగ్గు బాయి దిగే మనిషికి ఈ సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. పీల్చిన దుమ్ము ఆ రోజే ఏమీ అనదు. ఏళ్లు గడిచాక, మెట్లెక్కుతున్నప్పుడు ఆయాసమై పలకరిస్తుంది. అందుకే మేరీ క్యూరీ కథ ఈ నేల మీద చదివితే పరాయిదనిపించదు. 1934 జులై 4న, ఫ్రాన్సు కొండల్లోని ఒక శానటోరియంలో, ఒంట్లో నెత్తురు పుట్టడం ఆగిపోయి ఆమె కన్నుమూసింది. ముగింపు ముందే తెలుసు కనుక, వెనక్కి నడుస్తుంటే ఆగవలసిన చోట్లన్నీ కనిపించి బాధిస్తాయి.

రేడియం వెతుకులాటలో ఆమె చేతికొచ్చిన రాయి కూడా గనిదే. బొహీమియాలోని యోవాహిమ్‌స్టాల్‌లో యురేనియం తీసుకున్నాక పారబోసిన మట్టి అది. ఆ కొండల గని కార్మికులు ఊపిరితిత్తుల జబ్బుతో నడివయసులోనే రాలిపోవడం తరాలుగా ఉన్నదే. ఆ చావుల వెనక ఈ రాయి కిరణాలున్నాయని అప్పటికి ఎవరికీ తెలియదు.

1898 డిసెంబరులో రేడియం జాడ దొరికింది. నాలుగేళ్లు ఓ పాకలో టన్నుల కొద్దీ మట్టిని మరగించి, గ్రాములో పదోవంతు లవణం తీసింది. రాత్రిళ్లు భర్త పియర్‌తో కలిసి అక్కడికి వెళ్లి, చీకట్లో మెరిసే గాజు గొట్టాలను చూసుకుని మురిసిపోయేది. ఆ మురిపెం తలుచుకుంటే గుండె కలుక్కుమంటుంది. ఆ మెరుపుతో పాటు వచ్చే కిరణాలు కంటికి ఆనవు. చర్మం దాటి, కండ దాటి, మూలుగ దాకా పోతాయి. పియర్ కావాలనే చేతికి రేడియం కట్టుకుని పుండు చేసుకున్నాడు, ఆ ఫలితాన్ని 1901లో ప్రకటించాడు కూడా. పైతోలునే ఇంత కాల్చేది లోపలేం చేస్తోందని అడగవలసిన రోజు అది.

లోపల జరిగేది ఇది. మనిషి నెత్తురంతా మూలుగలోని మూలకణాల సంతానం. కిరణాలు వాటినే ముందు కొడతాయి. తెల్ల కణాలు తగ్గుతాయి, తర్వాత ప్లేట్‌లెట్లు. నాలుగు నెలలు బతికే ఎర్ర కణాలు చివరికి పలచబడతాయి. చావక మిగిలిన మూలకణంలో ఒక్క తప్పు నిలిచిపోయినా, ఏళ్లకు అది లుకేమియాగా తిరగబడవచ్చు. హిరోషిమాలో బాంబు పడ్డ కొన్నేళ్లకు ఆ జబ్బు ఉధృతమైంది.

1914లో యుద్ధమొచ్చింది. ఎక్స్‌రే బండ్లు తయారుచేయించి, గాయపడ్డ సైనికుల కోసం తనే వెంట వెళ్లింది మేరీ. పదిహేడేళ్ల కూతురు ఐరీన్‌నూ ఆ పనిలోకి తీసుకుంది. సరైన అడ్డు లేని ఆ గొట్టాల ముందు తల్లీకూతుళ్లిద్దరూ గంటలు గంటలు నిలబడ్డారు. వాళ్ల వల్ల ఎందరు ప్రాణాలతో ఇళ్లకు చేరారో!

తర్వాతి మలుపు దగ్గర నేను ఎప్పుడూ ఆగిపోతాను. 1925లో ఫ్రెంచి వైద్య అకాడమీ సంఘంలో మేరీ సభ్యురాలు. రేడియోధార్మిక పదార్థాలు తయారుచేసే కార్మికులకు సీసపు తెరలుండాలని, నెత్తురు కణాలను తరచూ లెక్కించాలని ఆ సంఘం సిఫారసు చేసింది. తన సంస్థలోనూ ఆ పరీక్ష తప్పనిసరి. ఆమె మాత్రం తన నెత్తురు ఇవ్వడానికి అంతగా ఒప్పుకునేది కాదు. ఇచ్చిన కొద్దిసార్లూ లెక్క సరిగా లేదని తేలింది. తేలినా పని ఆపలేదు. చేతిలోనే ఉన్న కాగితం అది. అప్పుడైనా ఆ బల్ల మీంచి లేచి ఉంటే, తల్లీ!

చివరి రోజుల్లో డాక్టర్లు టీబీ అనుకున్నారు. శానటోరియంలో చూస్తే జబ్బు ఊపిరితిత్తుల్లో లేదు, నెత్తురులో ఉంది. ఆమెకు అరవై ఆరేళ్లు.

కూతురూ ఆ దారినే పోయింది. మన భీమవరం బిడ్డ ఎల్లాప్రగడ సుబ్బారావు బృందం తయారుచేసిన అమినోప్టెరిన్ అనే మందు, 1948లో లుకేమియా పిల్లలకు కొన్నాళ్ల ఊపిరి పోసింది.  అయినా ఎనిమిదేళ్లకు, 1956 మార్చి 17న, యాభై ఎనిమిదేళ్ల ఐరీన్‌ను లుకేమియానే తీసుకెళ్లింది.

బాయి పనివాళ్లకు కొన్నేళ్లకోసారి వైద్య పరీక్ష చేస్తారు, ఛాతీ ఎక్స్‌రే తీస్తారు. అన్నా, ఆ పరీక్ష కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకోకు. డాక్టరు చేత చదివించుకో. అందులో తేడా ఉందంటే మళ్లీ దిగే ముందు ఏం చేయాలో అడుగు.