ఇంటివద్ద ఇమ్యునోగ్లోబులిన్ చికిత్స: చర్మంపై దురద కలిగితే పాటించవలసిన జాగ్రత్తలు

ధర్సీవా (రాయ్‌పూర్): పుట్టుకతోనే రోగనిరోధక శక్తి లోపించినవారికి ఇమ్యునోగ్లోబులిన్ ప్రాణాధారమైన ఔషధం. వేలాది రక్తదాతల ప్లాస్మా నుంచి వేరుచేసిన ప్రతిరక్షకాలు ఇందులో ఉంటాయి. 1952లో అమెరికా వైద్యుడు ఆగ్డెన్ బ్రూటన్ ఎనిమిదేళ్ల బాలునికి దీనిని చర్మం కిందికి ఎక్కించి, పదేపదే సోకుతున్న వ్యాధులను అరికట్టగలిగారు. సాధారణంగా ఈ ఔషధాన్ని ఆసుపత్రిలో మూడు, నాలుగు వారాలకొకసారి సిర ద్వారా ఇస్తారు. శిక్షణ పొందిన రోగులు చిన్న పంపు సాయంతో ఇంటివద్దే, తరచుగా వారానికొకసారి, చర్మం కింది కొవ్వు పొరలోకి ఎక్కించుకునే విధానమూ ఉంది.

ఈ రెండో విధానంలో ఎక్కువమందిని ఇబ్బంది పెట్టేది సూది గుచ్చిన చోట కలిగే దురద, ఎరుపు, వాపు. ఇవి చాలావరకు ఒకటి నుంచి మూడు రోజుల్లో వాటంతట అవే తగ్గుతాయి. తొలి వారాల్లో అధికంగా ఉన్నా, శరీరం అలవాటుపడేకొద్దీ తీవ్రత తగ్గుతుంది. దురదకు భయపడి వైద్యునికి చెప్పకుండా చికిత్స మానివేయడం మాత్రం ప్రమాదకరం. రక్తంలో ప్రతిరక్షకాల స్థాయి పడిపోతే న్యుమోనియా వంటి తీవ్ర వ్యాధులు మళ్లీ తలెత్తుతాయి.

కారణాలు

ఒకే చోట ఎక్కువ పరిమాణంలో లేదా ఎక్కువ వేగంతో ఔషధం ఎక్కించడం ప్రధాన కారణం. సూది పొడవు చాలకపోతే ఔషధం కొవ్వు పొరను చేరక చర్మపు పైపొరల్లోనే నిలిచి దురద, మంట కలిగిస్తుంది. సూది మొనకు ఔషధపు చుక్క అంటి ఉన్నా, స్పిరిట్ ఆరకముందే సూది గుచ్చినా ఇదే ఇబ్బంది. దురద ప్లాస్టర్ అంటించినంత మేరకే, దాని ఆకారంలోనే ఉంటే, కారణం ఔషధం కాదు, ప్లాస్టర్ జిగురేనని అనుమానించాలి.

ఫ్రిజ్ నుంచి తీసిన ఔషధాన్ని చల్లగానే ఎక్కించడం మరో కారణం. రాయ్‌పూర్‌కు ఉత్తరాన బిలాస్‌పూర్ రహదారిపై ఉన్న ధర్సీవా, పక్కనే ఉన్న సిల్తరా పారిశ్రామిక ప్రాంతాల్లో వేసవి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. అటువంటి చోట ఔషధాన్ని 2 నుంచి 8 డిగ్రీల మధ్య భద్రపరచడం ముఖ్యం. గడ్డకట్టిన ఔషధాన్ని వాడరాదు. విద్యుత్తు ఎక్కువసేపు నిలిచిపోతే ఆ సీసాను వాడవచ్చునో లేదో వైద్యుని అడిగి తెలుసుకోవాలి. వాడేముందు దానిని గది ఉష్ణోగ్రతకు రానివ్వాలి. వేడినీటిలో ఉంచడం, ఎండలో పెట్టడం, సీసాను కుదపడం తగదు.

ఉపశమన మార్గాలు

ప్రతిసారీ సూది గుచ్చే చోటు మార్చాలి. పొట్టపై గుచ్చేటప్పుడు బొడ్డుకు, ఒక సూదికి మరో సూదికి మధ్య కనీసం 5 సెంటీమీటర్ల దూరం ఉండాలి. మచ్చలు, గాయాలు ఉన్నచోట గుచ్చరాదు. వేగం తగ్గించడం, సూదుల సంఖ్య పెంచడం, సూది పొడవు మార్చడం వైద్యుని సలహాతోనే జరగాలి.

ఔషధం పూర్తయ్యాక శుభ్రమైన గుడ్డలో చుట్టిన చల్లని ప్యాక్‌ను పది నిమిషాలపాటు ఉంచితే దురద తగ్గుతుంది. గోళ్లతో గీరితే చర్మం చిట్లి సూక్ష్మక్రిములు చేరతాయి. రోగనిరోధక శక్తి తక్కువగా ఉన్నవారికి చిన్న పుండు కూడా పెద్ద సమస్యే. సెటిరిజిన్ వంటి మాత్రలను ముందుగా వేసుకోవాలా అన్నది వైద్యుడు నిర్ణయించాలి. ఇవి మత్తు కలిగించవచ్చు గనుక వాహనం నడిపేవారు, యంత్రాలపై పనిచేసేవారు జాగ్రత్తపడాలి.

మందుల దుకాణంలో అడిగి తెచ్చుకునే స్టెరాయిడ్ మిశ్రమ లేపనాలకు దూరంగా ఉండాలి. చెమట ఎక్కువగా పట్టే కాలంలో తామర, గజ్జి కూడా దురద కలిగిస్తాయి. తామరపై స్టెరాయిడ్ రాస్తే తాత్కాలికంగా తగ్గినట్లు కనిపించి, ఆపై మరింత విస్తరిస్తుంది. సూది గుచ్చని చోట దురద ఉంటే చర్మవైద్యునికి చూపించాలి.

అత్యవసర లక్షణాలు

ఒళ్లంతా దద్దుర్లు, పెదవులు లేదా నాలుక వాపు, ఆయాసం, కళ్లు తిరగడం కనిపిస్తే పంపును వెంటనే ఆపి, వైద్యుడు ముందే సూచించిన అత్యవసర మందు వాడి, 108కు ఫోన్ చేయాలి. ఛాతీ నొప్పి, ఒక కాలు వాయడం, మెడ బిగుసుకుపోయి తీవ్రమైన తలనొప్పి రావడం, మూత్రం ముదురు రంగులోకి మారడం కూడా ఆలస్యం చేయరాని లక్షణాలే. గుచ్చినచోట ఎరుపు రోజురోజుకూ పెరుగుతూ చీము, జ్వరం వస్తే అది ఇన్ఫెక్షన్ కావచ్చు. ఇంటివద్ద చికిత్స తీసుకునేటప్పుడు పక్కన మరొకరు ఉండటం మేలు.

నమోదు, సహాయం

తేదీ, సీసాపై ఉన్న బ్యాచ్ సంఖ్య, గుచ్చిన చోటు, పట్టిన సమయం, దురద ఎన్ని గంటలు ఉన్నదీ ఒక పుస్తకంలో రాసుకుంటే కారణం గుర్తించడం వైద్యునికి సులువవుతుంది. ఔషధ దుష్ప్రభావాలను భారత ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమపు ఉచిత నంబరు 1800-180-3024కు రోగులే నేరుగా తెలపవచ్చు. ధర్సీవా పరిసరాలవారికి రాయ్‌పూర్‌లోని టాటీబంధ్‌లో ఎయిమ్స్ ఆసుపత్రి అందుబాటులో ఉంది. 2021 జాతీయ అరుదైన వ్యాధుల విధానం ఇమ్యునోగ్లోబులిన్ అవసరమైన కొన్ని రోగనిరోధక లోపాలను గుర్తించింది. ఆ విధానం కింద గుర్తింపు పొందిన ప్రత్యేక కేంద్రాల్లో హైదరాబాద్‌లోని సీడీఎఫ్‌డీ, నిమ్స్ కూడా ఉన్నాయి. ఏ మార్పు చేయాలన్నా చికిత్స చేస్తున్న వైద్యుని సలహాయే ప్రమాణం.