దూలగొండి గింజలోని మందు

కోనసీమవాసులకు దూలగొండిని పరిచయం చేయనక్కరలేదు. పొదల మీద, కంచెల మీద పాకే ఆ తీగ కాయల నూగు ఒంటికి తగిలితే కలిగే దురద ఒక పట్టాన వదలదు. నూగులోని మ్యూకునైన్ అనే ఎంజైము దానికి కారణమని 1955లో తేల్చారు. సంస్కృతంలో దీనిని కపికచ్ఛువు అనీ, ఆత్మగుప్త అనీ అన్నారు. తన్ను తాను కాపాడుకునేదని రెండవ పేరుకు అర్థం. అయితే నేను చెప్పదలచినది లోపలి గింజ సంగతి.

1937లో, మన ప్రాంతం మదరాసు రాష్ట్రంలో ఉన్న రోజుల్లో, మదరాసు విశ్వవిద్యాలయ జీవరసాయన ప్రయోగశాలలో దామోదరన్, రామస్వామి గార్లు ఈ గింజల నుంచి ఎల్-డోపా అనే అమైనో ఆమ్లాన్ని వేరుచేశారు. 1913లోనే స్విట్జర్లాండులో గుగెన్‌హైమ్ మరో రకం చిక్కుడు నుంచి దీనిని తీసి ఉన్నారు. అది ఏ రోగానికి పనికివస్తుందో మాత్రం అప్పటికి ఎవరికీ తెలియదు.

ఆ గుట్టు విప్పడానికి తోడ్పడినది కూడా మన దేశపు మొక్కే కావడం విశేషం. 1952లో సర్పగంధ వేరు నుంచి రిసర్పిన్ తీశారు. అది ఇచ్చిన జంతువులు కదలిక లేక పడి ఉండేవి. 1957లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు కార్ల్‌సన్ వాటికి డోపా ఇవ్వగా తిరిగి లేచాయి. మెదడులో డోపా డోపమైన్‌గా మారుతుందన్నమాట. పార్కిన్సన్ రోగుల మెదడులో ఆ డోపమైనే తరిగిపోతుందని 1960లో వియన్నాలో కనుగొన్నారు. 1967లో అమెరికాలో కోట్జియాస్ నోటి ద్వారా డోపా ఇచ్చి రోగులను నడిపించారు. కార్ల్‌సన్‌కు 2000లో నోబెల్ బహుమతి వచ్చింది.

మన పూర్వులకు ఇదంతా ముందే తెలుసునని కొందరంటారు. నేనంత దూరం పోను. ప్రాచీన గ్రంథాలు ఆత్మగుప్తను ముఖ్యంగా బలానికి, వీర్యవృద్ధికి చెప్పాయి. అలాగని పొడిని తేలికగా కొట్టిపారేయనూ లేము. 2004లో లండన్‌లో ఎనిమిది మంది రోగులకు 30 గ్రాముల గింజల మందు ఒక మోతాదుగా ఇస్తే సుమారు 35 నిమిషాల్లో పనిచేసింది. మామూలు మాత్రకు 69 నిమిషాలు పట్టింది.

మన వయసువారు జాగ్రత్తపడవలసినది ఇక్కడే. వణుకుకు డాక్టరుగారిచ్చిన మాత్రలు మింగుతూ, మూలికే కదా అని దూలగొండి పొడి కూడా కలుపుకుంటే ఒకే మందును రెండుసార్లు తీసుకున్నట్టే. పైగా ఆ మాత్రల్లో సాధారణంగా కార్బిడోపా ఉంటుంది. మెదడుకు చేరకముందే డోపా విరిగిపోకుండా కాపాడడం దాని పని. అది పొడిలోని డోపాను కూడా కాపాడుతుంది. దానితో వాంతులు, లేచి నిలబడగానే కళ్ళు తిరగడం, లేనివి కనిపించడం, కాళ్ళూ చేతులూ వాటంతటవే మెలితిరగడం మొదలుకావచ్చు. పొడి వాడుతున్నవారు ఆ సంగతి డాక్టరుగారికి ముందే చెప్పాలి. మాత్రలను మాత్రం సొంతంగా మానరాదు.