చింతపల్లికి ట్యాబ్ వచ్చింది, మరి చదువు? ఏజెన్సీ బడిలో టెక్నాలజీ కథ

రంపచోడవరం నుంచి మాట్లాడుతున్నాను. ఈరోజు ఎపిసోడ్‌ని ఒక తేదీతో మొదలుపెడదాం.

2023 డిసెంబరు 21. అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి. ప్రభుత్వ బడుల్లో ఎనిమిదో తరగతి పిల్లలకి ట్యాబ్‌లు ఇచ్చే కార్యక్రమం రెండో విడత ఆరోజు అక్కడే మొదలైంది. మొదటి విడత సరిగ్గా ఏడాది ముందు బాపట్ల జిల్లా యడ్లపల్లిలో జరిగింది. చింతపల్లి అనగానే మీకు ఇంకో తేదీ గుర్తొచ్చి ఉండాలి. 1922 ఆగస్టు 22. రామరాజు దళం అక్కడి పోలీస్ స్టేషన్ మీద పడి తుపాకులు పట్టుకెళ్లిన రోజు. నూట ఒక్క సంవత్సరం తేడాతో ఆ ఊళ్లో పిల్లల చేతికి ట్యాబ్ వచ్చింది. వినడానికి బాగుంది కదా?

సరే, ఇప్పుడు మా ఇంటి సంగతి చెప్తాను. మా అక్క కొడుక్కి కూడా ట్యాబ్ ఇచ్చారు. వాళ్ల ఊరు మారేడుమిల్లి నుంచి ఇంకా పైకి వెళ్లాలి. సిగ్నల్ కావాలంటే గట్టు ఎక్కాలి. పాఠాలు ముందే ట్యాబ్‌లో వేసి ఇచ్చారు కాబట్టి నెట్ లేకపోయినా నడుస్తాయి. నేను వెళ్లినప్పుడు వాడు కిరణజన్య సంయోగక్రియ వీడియో చూస్తున్నాడు. "ఎన్నిసార్లు చూశావురా?" అంటే "ఆరు సార్లు మామా" అన్నాడు. అర్థమైందా అంటే తల దించుకుని, "నాకు చదువు రాదు మామా" అన్నాడు. ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. ఎందుకంటే అదే వయసులో అదే మాట నేనూ అన్నాను.

నేను ఆశ్రమ పాఠశాలలో చదువుకున్నాను. ఏ ఊరో చెప్పను. 1986 జాతీయ విద్యా విధానం తర్వాత దేశమంతా బడులకి కలర్ టీవీలు, రేడియో కమ్ క్యాసెట్ ప్లేయర్లు ఇచ్చే పథకం ఒకటి వచ్చింది. మా బడిలో కూడా ఒక టీవీ ఉండేది. ఎక్కడ? బీరువాలో. తాళం వేసి. పాడైపోతే ఎవరు సమాధానం చెప్తారని భయం. ఐదేళ్లలో దాన్ని వెలిగించి మాకు పాఠం చూపించింది ఒక్కసారి కూడా లేదు.

అంటే వస్తువు రావడం వేరు, అది బడిలో పనిచేయడం వేరు. ఈ తేడా తెలియాలంటే ఇంకొంచెం వెనక్కి వెళ్లాలి.

1975 ఆగస్టు 1న మన దేశంలో ఒక పెద్ద ప్రయోగం మొదలైంది. పేరు సైట్. అమెరికా వాళ్ల ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఏడాది పాటు వాడుకుని ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 పల్లెలకి నేరుగా టీవీ పంపించారు. కోళ్ల గూటికి వాడే వల లాంటిదానితో చేసిన పెద్ద గొడుగు యాంటెనా, దాని కింద ఊరందరికీ ఒక టీవీ. పొద్దున్న బడిపిల్లలకి ఒక్కో భాషలో 22 నిమిషాల పైచిలుకు పాఠం. అందులో తెలుగు కూడా ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో అప్పుడు ఎంచుకున్న పల్లెలు తెలంగాణ, రాయలసీమ వైపువి. మన ఏజెన్సీ ఆ మ్యాప్‌లో లేదు.

నాకు ఇందులో నచ్చిన విషయం ఉపగ్రహం కాదు. ఆ ఏడాది పిల్లలతో పాటు సుమారు 50 వేల మంది ప్రాథమిక పాఠశాల టీచర్లకి సెలవుల్లో సైన్స్ బోధనలో శిక్షణ ఇచ్చారు. టీవీ ఒక్కటే కాదు, రేడియో, పుస్తకాలు, పక్కన కూర్చుని చర్చించే మనిషి, అన్నీ కలిపి. మిషన్ ఇచ్చి వదిలేయకుండా, దాన్ని నడిపే మనిషిని కూడా తయారు చేశారు. 1976 జూలై 31తో ప్రయోగం ముగిసింది. ఉపగ్రహం వెళ్లిపోయింది. టీచర్ నేర్చుకున్నది మాత్రం టీచర్ దగ్గరే ఉంటుంది.

ఇంకా వెనక్కి వెళ్దాం. అప్పుడు అచ్చు పుస్తకమే కొత్త టెక్నాలజీ. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి గారు సవర భాష నేర్చుకుని, ఆ భాషలో పుస్తకాలు రాసి, సొంత డబ్బుతో సవర పిల్లలకి బడులు పెట్టారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29నే మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటాం. 1941లో గోదావరి కొండల్లో కొండరెడ్ల మధ్య తిరిగిన హైమన్‌డార్ఫ్, 1943లో ఆదిలాబాద్ వైపు మార్లవాయిలో గోండు యువకులకే టీచర్ శిక్షణ మొదలుపెట్టించాడు. వాళ్ల కోసం గోండి వాచకాలు అచ్చు వేయించారు. ఇద్దరికీ అర్థమైంది ఒకటే: పిల్లాడి ఇంటి మాట బడిలోకి రాకపోతే ఏ పుస్తకమూ వాడిది కాదు.

2004లో ఉమ్మడి రాష్ట్రం కోయ, గోండి, సవర, కువి లాంటి ఎనిమిది గిరిజన భాషల్లో బహుభాషా విద్య మొదలుపెట్టింది కూడా ఇందుకే. 2000 జనవరిలో వచ్చిన మూడో నంబర్ జీవో షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అంది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు ఆ జీవోని కొట్టేసింది. నూటికి నూరు శాతం రిజర్వేషన్ రాజ్యాంగం ప్రకారం చెల్లదంది. న్యాయం సంగతి అలా ఉంచండి. పిల్లాడి మాట తెలిసిన టీచర్ ఎక్కడి నుంచి వస్తారనే ప్రశ్న మాత్రం అలాగే ఉంది.

మళ్లీ మా మేనల్లుడి దగ్గరకి వద్దాం. మేము కొండరెడ్లం, ఇంట్లో తెలుగే మాట్లాడతాం. అయినా వీడియోలో తెలుగు మా తెలుగు కాదు. నేను వీడియో ఆపి, వాడిని వాకిట్లో చింతచెట్టు కిందకి తీసుకెళ్లాను. "ఈ చెట్టుకి అన్నం ఎవరు వండుతున్నారు?" అని అడిగాను. నవ్వాడు. ఆకులు చూపించాను, ఎండ చూపించాను. కాసేపటికి వాడే అన్నాడు, "అయితే వీడియోలో చెప్పింది ఈ చెట్టు గురించేనా మామా?" ఆరు సార్లు చూసినప్పుడు వాడికి తెలియని సంగతి అదొక్కటే. తర్వాత ఏడోసారి చూశాడు. ఈసారి వాడే మధ్యలో ఆపి నాకు చెప్పాడు.

నేను టీచర్‌ని కాదు. నేను చేసింది చాలా చిన్న పని. కానీ ఆపడం, అడగడం, బయటికి తీసుకెళ్లడం, ఈ మూడూ ట్యాబ్ తనంతట తాను చేయలేదు.

కాబట్టి ఫ్రెండ్స్, టెక్నాలజీ వద్దని నేను అనను. నేనూ ఈ ఫోన్‌తోనే మీ దగ్గరకి వస్తున్నాను. మీ ఊళ్లో తమ్ముడో చెల్లో ట్యాబ్ పట్టుకుని కూర్చుంటే పక్కన పది నిమిషాలు కూర్చోండి. ఒక వీడియో మధ్యలో ఆపి, "ఇది మన ఊళ్లో ఎక్కడ ఉంది?" అని అడగండి. అదే ఫోన్‌తో మీ అవ్వ చెప్పే దుంపల పేర్లు, చెట్ల పేర్లు రికార్డు చేసి టీచర్‌కి ఇవ్వండి. అదీ పాఠమే.

"నాకు చదువు రాదు" అనే మాట ఏ పిల్లాడి నోట విన్నా, ముందు వాడిని కాదు, వాడికి చెప్పిన పద్ధతిని అనుమానించండి. వచ్చే ఎపిసోడ్‌లో మళ్లీ కలుద్దాం. ఉంటాను.