దీమం పిట్ట

గత రెండు భాగాల్లో డప్పు గురించి, తోలు గురించి రాశాను. ఈసారి బాతుల వేట గురించి. నవ్వకండి. బాతుల్లో కులం ఎక్కడుందని అడిగే మిత్రులు కొంచెం ఓపిక పట్టండి, చెరువు దగ్గరికి వెళ్ళాక మీకే కనిపిస్తుంది.

పీహెచ్‌డీ రోజుల్లో పాత కావ్యాల వేట వర్ణనలు చదువుతుంటే నన్ను ఆపేసిన మాట ఒకటుంది: దీమం. వేటగాడు పట్టి, పెంచి, మచ్చిక చేసి, దాని జాతినే పట్టడానికి వాడుకునే జంతువు గానీ పిట్ట గానీ దీమం. ఎర వేరు, దీమం వేరు. ఎర ఆకలిని పిలుస్తుంది. దీమం తోటివాళ్ళను పిలుస్తుంది. ఇంగ్లీషులో దీన్ని డెకాయ్ అంటారు. ఆ మాట డచ్చి భాషలో బాతుల్ని పట్టే పంజరానికి వాడే మాట నుంచి వచ్చిందని చెబుతారు.

ఏ పిట్టకు ఏ దీమం అన్నదే అసలు విద్య. కౌజు పిట్టను పట్టాలంటే పంజరంలో కూత పెట్టే మగ కౌజును పెడతారు. తన హద్దులోకి ఇంకొకడు వచ్చాడన్న కోపంతో అడవి కౌజు పరిగెత్తుకొస్తుంది. బాతు అలా రాదు. తనలాంటివి అక్కడ నెమ్మదిగా తేలుతున్నాయి, కాబట్టి అక్కడ భయం లేదు అన్న నమ్మకంతో వస్తుంది.

బాతుల్లో రెండు రకాలున్నాయి. తల మాత్రం ముంచి లోతులేని నీళ్ళలో మేసేవి కొన్ని. పూర్తిగా మునిగి అడుగున ఉన్న నత్తల్నీ నాచునూ తినేవి కొన్ని. మునిగే బాతుకు కాళ్ళు బాగా వెనక్కి ఉంటాయి. ఉన్నచోటి నుంచి ఎగరలేదు, గాలికి ఎదురుగా నీటి మీద కొంత దూరం పరిగెత్తి లేవాలి. అందుకే దానికి ఒడ్డు ఇష్టం ఉండదు. నడి చెరువులో గుంపుగా తేలుతుంది. మన దగ్గరకు చలికాలంలో వచ్చే వాటిలో తల వెనక జుట్టున్న నల్లబాతు ఒకటి. పోతుకు ఒళ్ళంతా నలుపు, పక్కలు తెల్లగా ఉంటాయి. 1862-64లో మూడు సంపుటాల పక్షుల పుస్తకం వేసిన జెర్డన్ మద్రాసు సైన్యంలో డాక్టరు. ఆయన పిట్టల దేశీ పేర్లు కూడా రాసిపెట్టాడు. ఈ బాతుకు తెలుగు పేరు నల్ల చిలువ. కావ్యాల్లో చిలువ అంటే పాము, చెరువు మీద చిలువ అంటే బాతు. ఆ డాక్టరుకు ఈ పేరు చెప్పినవాళ్ళు ఎవరో ఆలోచించండి. పండితులైతే కాదు. వాళ్ళ పేరు పుస్తకంలో లేదు.

నడి నీళ్ళలో తేలే ఇలాంటి బాతుకు బొమ్మ దీమం ఎంచుకోవాలంటే ముందు చూడాల్సింది దూరం. అర మైలు దూరం నుంచి దానికి ఈకల గీతలు కనబడవు, నలుపూ తెలుపూ కనబడతాయి. కాబట్టి నగిషీ కంటే తెల్లటి పక్క ముఖ్యం. రెండోది సంఖ్య. పెద్ద నీళ్ళ మీద నాలుగు బొమ్మలు వేస్తే ఉన్నట్టే ఉండదు, డజన్లు కావాలి. మూడోది బరువు. అలకు బోర్లా పడే బొమ్మ చూసి ఏ బాతూ దిగదు, అడుగున బరువు కట్టాలి. ఇక గాలికి ఎదురుగా దిగేవాటికి గుంపు మధ్య ఖాళీ వదలాలి. ఆ ఖాళీలోనే తుపాకీ గురి ఉంటుంది.

ఇదంతా దొరల విద్య అనుకుంటారేమో. 1924లో అమెరికాలోని నెవడాలో లవ్‌లాక్ గుహలో 11 బాతు బొమ్మలు బయటపడ్డాయి. రెల్లులాంటి తుంగతో అల్లి, రంగు పూసి, కొన్నిటికి ఈకలు కూడా కట్టారు. వయసు సుమారు 2000 ఏళ్ళు. అవి మునిగే బాతు బొమ్మలే, మన నల్ల చిలువకు దాయాది జాతివి. చేసింది అక్కడి ఆదివాసులు. 2007లో ఎల్మర్ క్రోవెల్ అనే తెల్లాయన చెక్కిన రెండు చెక్క బొమ్మలు ఒక్కొక్కటి 11 లక్షల డాలర్లకు పైగా పలికాయి. తుంగ అల్లినవాళ్ళ పేరు మాత్రం ఎవరికీ తెలియదు.

మన దేశంలో బొమ్మ బదులు కుండ వాడేవారు. 19వ శతాబ్దపు వేట పుస్తకాల్లో ఈ పద్ధతి కనిపిస్తుంది. ముందు కొన్ని రోజులు చెరువులో ఉత్త కుండలు తేలనిస్తారు. బాతులు మొదట జరుగుతాయి, తర్వాత పట్టించుకోవు. అప్పుడు వేటగాడు కళ్ళకు కన్నాలున్న కుండను తలకు బోర్లించుకుని మెడలోతు నీళ్ళలో కదులుతూ వెళ్ళి, బాతును కాళ్ళు పట్టి కిందికి లాగుతాడు. పక్క బాతుకు చప్పుడు కూడా వినబడదు. తుపాకీ లేదు, మందుగుండు లేదు. ఒక కుండ, ఊపిరి బిగబట్టే గుండె. దీన్ని వేట పుస్తకాల దొరలు వింతగా రాసుకున్నారు. నేను దీన్ని శాస్త్రం అంటాను.

ఇప్పుడు మా చెరువు. మా తాత ఒక బుగత దగ్గర కంబారి. శీతాకాలంలో బుగత ఇంటికి బస్తీ నుంచి తుపాకీలతో చుట్టాలొచ్చేవారట. ఆ చెరువు రేవులో మా పేట ఆడవాళ్ళు కడవ ముంచకూడదు. పైనున్నవాళ్ళు పోస్తే పట్టుకోవాలి. కానీ దెబ్బ తగిలిన పిట్ట నడి చెరువులో పడితే దిగాల్సింది మా వాళ్ళే. మునిగే బాతు దెబ్బ తిన్నా మునుగుతుంది, నాచు కింద దాక్కుంటుంది. దాని వెనకే మునగాలి. తాత అనేవాడు: "సెరువులో మన కడవ మునగకూడదురా, మనిసి మునిగితే ఏటీ కాదు." పిట్ట కోసం దిగిన రోజు ఆ నీళ్ళకు మైల అంటలేదు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ మహద్‌లో చవదార్ చెరువు నీళ్ళు దోసిట పట్టిన సంగతి క్లాసులో చెప్పినప్పుడల్లా నాకు ఈ రేవే గుర్తొస్తుంది.

సాహిత్యం ఏం చేసిందో కూడా చెప్పాలి. నైషధంలో నలుడు కొలను పక్కన నిద్రపోతున్న హంసను చడీచప్పుడు లేకుండా వెళ్ళి పట్టుకుంటాడు. కుండవాడు చేసే పనే అది. రాజు చేస్తే శృంగార కావ్యానికి నాంది. 1936లో భారత క్రికెట్ జట్టును ఇంగ్లండుకు తీసుకెళ్ళిన విజయనగరం మహారాజ్‌కుమార్ విజ్జీకి వందల పులుల్ని కొట్టిన షికారీగా గొప్ప పేరు. అదే కాలంలో ఎరుకలవాళ్ళు ఊరు దాటాలంటే స్టేషన్లో చెప్పుకోవాలి. నేరస్థ జాతుల చట్టం 1952 దాకా బతికే ఉంది. 1972 వన్యప్రాణి చట్టం వల పన్నడాన్నీ ఎర చూపడాన్నీ కూడా వేట కిందే లెక్కగట్టింది. సరైన పనే. కానీ లైసెన్సున్నవాడి వేట ఆగడానికి 1991 సవరణ దాకా ఆగాల్సి వచ్చింది. పంతొమ్మిదేళ్ళు! వల ఉన్నవాడికి లైసెన్సు ఎవడిస్తాడు?

దీమం గురించి రాస్తూ కాన్షీరామ్‌ను తలవకుండా ఉండలేను. పూనా ఒడంబడికకు 50 ఏళ్ళు నిండిన రోజున, 1982 సెప్టెంబర్ 24న, ఆయన చెంచా యుగం పుస్తకం తెచ్చారు. ఉమ్మడి నియోజకవర్గాల్లో మన ఓట్లతో కాక వాళ్ళ ఓట్లతో గెలిచే మనవాడు ఎవరి పనిముట్టు అవుతాడన్నదే అందులో ప్రశ్న. ఆయన చెంచా అన్నారు, నేను దీమం అంటాను. చెంచా తనంతట తాను పనిచేయదు, పట్టుకున్న చేయి కావాలి. దీమం పిట్టకు ప్రాణం ఉంది, గొంతు ఉంది, అది మన యాసలోనే కూస్తుంది. రిజర్వుడు సీట్లో అభ్యర్థిని ఎంచేటప్పుడు బంగ్లాల్లో చూసే లక్షణాలు పైన బొమ్మ బాతుకు చెప్పినవే: దూరం నుంచి మనవాడిలా కనబడాలి, అలకు బోర్లా పడకూడదు, అడుగున బరువు వాళ్ళు కట్టిందే అయ్యుండాలి.

ఇచ్ఛాపురం దాటితే చిలికా ఎంతో దూరం లేదు. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా ఆ సరస్సు దక్షిణ కొసా, మన టెక్కలి, నౌపడా బీలలూ ఒకే గంజాం జిల్లా, మద్రాసు కింద. మునిగే బాతులకు జిల్లా సరిహద్దు లేదు. చిలికా ఉత్తరపు ఒడ్డున మంగళాజోడి అని ఊరుంది. ఒకప్పుడు పిట్టల్ని పట్టి అమ్మిన ఊరు. 2000లో అక్కడి వేటగాళ్ళే కాపలా సంఘం పెట్టుకున్నారు. ఇప్పుడు పడవల్లో యాత్రికులకు పిట్టల్ని చూపిస్తున్నారు. ఏ పిట్ట ఏ గాలికి ఎక్కడ దిగుతుందో వాళ్ళకు పుస్తకం చూడకుండా తెలుసు.

మన వైపు చెరువుల్లో, బీలల్లో చలికాలపు పిట్టలకు మీ పేటల్లో వాడే పేర్లు కామెంట్లలో రాయండి. అమ్మమ్మల్ని, తాతల్ని అడిగి రాయండి. నల్ల చిలువను ఏమంటారో ముందు చెప్పండి.