వేళ్లు అడిగిన ప్రశ్నకు అంకెలో జవాబు

లివర్ వార్డులో నర్సుగా చేసి రిటైరయ్యాను. కాలేయం ఎంత గట్టిపడిందో కొలిచే ఫైబ్రోస్కాన్ పరీక్షను డాక్టరు రాస్తే చాలు, మా వీధిలోవాళ్లు చీటీ పట్టుకుని నా దగ్గరికొస్తారు. "సిస్టరమ్మా, సూది గుచ్చుతారా?" అన్నదే మొదటి ప్రశ్న. గుచ్చరు. కానీ ఆ భయం ఊరికే పుట్టింది కాదు.

సూదికి ముందు డాక్టర్లకు చేతులే ఆధారం. 1761లో వియన్నా వైద్యుడు ఔయెన్‌బ్రుగర్, రోగి ఛాతీని వేళ్లతో తట్టి, వచ్చే శబ్దాన్నిబట్టి జబ్బు పట్టే పద్ధతిని పుస్తకంగా వేశాడు. కాలేయం ఎక్కడిదాకా పెరిగిందో చూడటానికీ తరవాత అదే తట్టుడు పనికొచ్చింది. మా పెద్ద డాక్టర్లు తట్టి చూశాక, కుడి డొక్క కింద వేళ్లు ఆనించి, ఊపిరి బాగా పీల్చమనేవారు. దిగివచ్చిన కాలేయం అంచు మెత్తగా ఉందా, గట్టిగా ఉందా? వాళ్లకు కావలసింది అదే.

1883లో జర్మనీలో పాల్ ఎర్లిక్ కాలేయంలోకి సూది దించాడు. 1958లో ఇటలీ వైద్యుడు మెంఘీనీ బయాప్సీకి, అంటే పరీక్షకని కాలేయం ముక్క తీయడానికి, ఒక్క సెకనులో పని ముగించే సూదిని పరిచయం చేశాడు. సూది పని సెకనే, మా పని గంటలు. బయాప్సీ అయినవాళ్లను కుడివైపుకి ఒత్తిగిలి పడుకోబెట్టి, లోపల రక్తం కారుతోందేమోనని పావుగంటకోసారి నాడి, బీపీ చూసేవాళ్లం. ఇంతా చేస్తే దొరికే ముక్క కాలేయంలో దాదాపు 50,000వ వంతు.

పారిస్‌లో లోరాం సాండ్రాం బృందం 2003లో వేరే దారి చూపింది. అదే ఫైబ్రోస్కాన్. దాని ప్రోబ్ పక్కటెముకల మధ్య చర్మాన్ని చిన్నగా తడుతుంది. ఆ అదురు అలలా కాలేయంలోకి పోతుంది. అది ఎంత వేగంగా పోతోందో అల్ట్రాసౌండ్ కనిపెడుతుంది. కాలేయం ఎంత గట్టిపడితే అల అంత వేగం. సెకనుకు 1 మీటరు పోతే గట్టిదనం సుమారు 3 కిలోపాస్కల్స్, 2 మీటర్లు పోతే 12. అమెరికా ఈ యంత్రాన్ని 2013లో అనుమతించింది.

పరీక్షకు ముందు కనీసం 3 గంటలు ఏమీ తినకూడదు. తింటే కాలేయానికి రక్తం ఎక్కువగా చేరి అంకె పెరుగుతుంది. వెల్లకిలా పడుకుని కుడిచెయ్యి తలకింద పెట్టుకోవాలి. చల్లటి జెల్ రాస్తారు, తట్టినట్టు తెలుస్తుంది, నొప్పి ఉండదు. కనీసం 10 కొలతలు తీసి వాటి మధ్య విలువ రాస్తారు. పది నిమిషాల పని. పొట్టలో నీరు చేరినవాళ్లకు మాత్రం ఇది కుదరదు, ఆ అల నీటిని దాటలేదు.

యంత్రం అడిగేది మా డాక్టర్ల వేళ్లు అడిగిందే. "ఎంత" అన్నదానికి వేళ్ల దగ్గర అంకె లేదు, దీని దగ్గర ఉంది. ఎందుకు గట్టిపడిందో ఇదీ చెప్పదు. కామెర్లతో కాలేయం వాచినా అంకె పెరుగుతుంది. అందుకే రిపోర్టును రక్తపరీక్షలతో కలిపి చూస్తారు. అప్పటికీ తేలకపోతే సూది తీస్తారు.