180 యెన్నులకి అమ్ముడుపోయిన కోట

జపాన్ వెళ్ళే మనవాళ్ళ ప్లాన్ దాదాపు ఒకటే: టోక్యో, క్యోటో, ఒసాకా. నేనూ అదే చేశాను. ఒసాకా కోటని బయట్నుంచి చూసి నోరెళ్ళబెట్టి లోపలికెళితే, ఎదురుగా లిఫ్టు! ఇప్పుడున్న కట్టడం 1931లో కాంక్రీటుతో కట్టిందట. అందులో తప్పేం లేదు గానీ, నాలుగొందల ఏళ్ళ నాటిదనుకుని వెళ్ళిన నాకు ఉసూరుమనిపించింది.

కోట నడుమ ఉండే ఎత్తైన మేడని వాళ్ళు తెన్షు అంటారు. 1868కి ముందు కట్టి, ఇప్పటికీ నిలిచి ఉన్న తెన్షులు దేశం మొత్తం మీద 12. వాటిల్లో చాలావరకు మారుగమె, ఉవాజిమ లాంటి మనం పేరు కూడా వినని ఊళ్ళలో ఉన్నాయి. నేను మత్సుఎ ఎంచుకున్నాను. ఒకాయామా నుంచి కొండల మధ్యగా రైల్లో రెండున్నర గంటల పైమాటే.

హోరియో యోషిహరు అనే ప్రభువు 1607లో ఈ కోట పని మొదలుపెట్టాడు. నల్ల చెక్కలు తాపడం చేసిన గోడలు, లోపల నిటారు మెట్లు, నేలమాళిగలో బావి. పొడవాటి దూలాలు దొరక్కనేమో, ఒక్కో స్తంభం రెండేసి అంతస్తులకే సరిపెట్టారు. కొన్ని స్తంభాలకి చుట్టూ పలకలు పేర్చి ఇనుప పట్టీలు బిగించారు. ఉన్న సరుకుతో పని నడిపించడం మనకే వచ్చనుకున్నా :)

1873లో మెయిజీ ప్రభుత్వం, సైన్యానికి అక్కర్లేని కోటల్ని వదిలించుకోమంది. 1875లో మత్సుఎ కోటని వేలం వేశారు. చుట్టూ ఉన్న కట్టడాలన్నీ కూల్చేశారు. తెన్షు పలికిన ధర 180 యెన్నులు! అది కూడా కలపగా, ఇనుముగా మారిపోయేదే. కత్సుబె మొతోఎమోన్ అనే సంపన్న రైతు, తకగి గొంపచి అనే మాజీ సమురాయ్ కలిసి అంత డబ్బూ సమకూర్చి, దాన్ని కూల్చకుండా ఆపారు.

కథ అక్కడితో అయిపోలేదు. 1935లో 'జాతీయ సంపద' అయిన ఈ కోట, 1950లో కొత్త చట్టం రావడంతో ఒక మెట్టు కిందికి దిగింది. మళ్ళీ ఆ హోదా అడిగితే అడ్డొచ్చింది ఒకటే: ఎప్పుడు పూర్తయిందో రుజువేది? చివరికి 2012లో, కోట ఆవరణలోని మత్సుఎ గుడిలో రెండు పాత ప్రార్థన పలకలు దొరికాయి. వాటి మీద 1611కి సరిపోయే సంవత్సరం రాసి ఉంది. సరే, అవి ఈ కోటవేనని నమ్మకమేంటి? పలకలకున్న మేకు రంధ్రాలు, నేలమాళిగలోని రెండు స్తంభాల మీది రంధ్రాలతో సరిగ్గా సరిపోయాయి! 2015లో మత్సుఎ మళ్ళీ జాతీయ సంపద అయింది.

కమిట్ హిస్టరీ లేని కోడ్‌తో తల బద్దలు కొట్టుకున్నవాళ్ళకి ఆ రంధ్రాల విలువ నేను చెప్పక్కర్లేదు. ఆ స్తంభాల దగ్గర చాలాసేపు నిలబడిపోయాను.

కోట కట్టిన హోరియో విగ్రహం బయట ఠీవిగా నిలబడి ఉంది. నాకు మాత్రం ఆ రైతే ఎక్కువ గుర్తుండిపోయాడు. కోట ఆయనది కాదు, ఆయన ప్రభువూ కాదు. తెన్షు నిలబెట్టినందుకు ఆయనకి ఒరిగేదేమీ లేదు. అయినా డబ్బు తీశాడు.

ఈసారి జపాన్ వెళ్తే ఒసాకాలో ఒక రోజు తగ్గించుకోండి. మత్సుఎలో చెప్పులు విప్పి లోపలికెళ్ళాలి. లిఫ్టు లేదు, మోకాళ్ళు జాగ్రత్త.